నీటి వంతు, మందు వంతు



గత శీతకాలమున ఏజెన్సీ గ్రామములలో కొన్ని కార్యక్రమములు రికార్డు చేయుటకై పోవుచు, మేము నర్సీపట్నములో దగ్గరి బంధువుల యింట ఒక రాత్రి బస చేసితిమి. రాత్రి మూడు గంటలకు ఆ యింట అలారము మ్రోగినది. తెల్లవారుజామున ప్రయాణమున్నవా రెవరో కాబోలు ననుకొంటిమి. లేచి చూడగా, ఇల్లాలు తన పదునాలుగేండ్ల కూతురి మంచముకడ కూర్చుండి, నిద్రలోనున్న పిల్ల వ్రేలికొనను చిన్న సూదితో పొడిచి, నెత్తుటిబొట్టును మీటరుకు తాకించి చూచుచున్నది. మీటరుపై 66 అను అంకె కనిపించినది. ఆమె పిల్లను లేపి, గ్లూకోజు కలిపిన నీరు త్రాగించి, పావుగంటసేపు అక్కడనే కూర్చుండి, మరల పరీక్షచేసి, అంకె పెరిగినదని తెలిసినపిదప గాని దీప మార్పలేదు.

రెండు సంవత్సరములుగా ఆ యింట పెద్దవారెవరును తెల్లవారువరకు ఒక్కపట్టున నిద్రపోలేదని మరునాడు మాకు తెలిసినది. ఆ పిల్లకు మొదటి రకము మధుమేహము. ఆమె నడుమున చిన్న ఇన్సులిన్ పంపు ఒకటి ఎల్లవేళల ఉండును. దానిని కొనుటకు తండ్రి తాండవ కాలువక్రింది తన పొలములో అర ఎకరము అమ్మినాడు.

“పంపు వస్తే నిద్ర పడుతుందనుకున్నామండీ. పంపు వచ్చింది గాని నిద్ర రాలేదు” అన్నది ఆ తల్లి.

ఆ మాటయే ఈ ప్రసంగమునకు కారణము. పంపు ఎందుకు నిద్రనీయలేదు, తరువాత ఆ యింట ఏమి చేసినారు, అందువలన తక్కినవారు తెలిసికొనదగిన దేమి అను సంగతులను మనవి చేసెదము.

ముందుగా వ్యాధి సంగతి. ఆరోగ్యవంతుని దేహములో క్లోమగ్రంథి ఇన్సులిన్ను రెండు విధములుగా విడుదల చేయును. రేయింబవళ్ళు సన్నని ధారగా కొంత, అన్నము తిన్నప్పుడు వెల్లువగా కొంత. మనము ఏమియు తినకున్నను కాలేయము తాను దాచియుంచిన చక్కెరను నెత్తుటిలోనికి కొంచెము కొంచెముగా వదలుచునే యుండును. దానిని అదుపులో నుంచుటకే ఆ సన్నని ధార. మొదటి రకము మధుమేహములో, దేహమును కాపాడవలసిన రక్షణ వ్యవస్థయే పొరబడి, ఇన్సులిన్ను తయారుచేయు కణములను నాశనము చేయును. అప్పుడు ఆ ధారయు, ఆ వెల్లువయు రెండును వెలుపలినుండి అందింపవలసినదే. ఇది తీపి తినుటవలన వచ్చినది కాదు. తల్లిదండ్రుల తప్పు అంతకంటె కాదు.

వంద సంవత్సరములకు పూర్వము ఈ వ్యాధి సోకిన బిడ్డలు కొలది నెలలలోనో, ఒకటి రెండేండ్లలోనో కన్నుమూసెడివారు. 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్ను వెలికిదీసినారు. 1922 జనవరి 11వ తేదీన లియొనార్డ్ థాంప్సన్ అను బాలునికి దానిని మొదటిసారి సూదిద్వారా ఎక్కించినారు. ఆ మందు తగినంత శుద్ధముగా లేనందున ఫలితము అంతంతమాత్రమే. కాలిప్ అను శాస్త్రజ్ఞుడు శుద్ధిచేసిన మందును జనవరి 23న మరల ఇచ్చినారు. బాలుడు తేరుకొన్నాడు, మరి పదుమూడేండ్లు జీవించినాడు. ఆ సంవత్సరము ఆగస్టు 22వ తేదీననే అల్లూరి సీతారామరాజు నర్సీపట్నమునకు ఎగువనున్న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడిచేసినాడు. ఈ ప్రాంతపు పెద్దలు తాతల ముచ్చటగా చెప్పుకొను కాలమది. ఈ మందు వయస్సు అంతమాత్రమే. అన్నట్లు, ఆ మొదటి బాలుని వయస్సు కూడ పదునాలుగేండ్లే.

మందు దొరికినది గాని, దానిని ఎప్పుడు, ఎంత ఇవ్వవలెనను చిక్కు నేటికిని తీరలేదు. తక్కువైనచో చక్కెర పెరిగి, ఏండ్లు గడచినకొలది కండ్లను, మూత్రపిండములను, నరములను దెబ్బతీయును. ఎక్కువైనచో చక్కెర పడిపోయి, చెమటలు, వణుకు, తికమక, ఒక్కొక్కప్పుడు స్పృహ తప్పుట సంభవించును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి యన్నట్లుండును. అమెరికా, కెనడా దేశములలో 1,441 మంది రోగులపై సాగి 1993లో వెలువడిన గొప్ప పరిశోధన ఈ రెండు సంగతులను అంకెలలో చూపినది. పంపుతోగాని, దినమునకు మూడు, అంతకు మించిన సూదులతోగాని చక్కెరను గట్టిగా అదుపు చేసినవారిలో కంటి జబ్బు తలయెత్తు ప్రమాదము నూటికి 76 వంతులు తగ్గినది. కాని చక్కెర ప్రమాదకరముగా పడిపోవుట వారిలో సుమారు మూడింతలు హెచ్చినది. కావున వైద్యులు నేడు కోరునది తక్కువ చక్కెర మాత్రమే కాదు, నిలకడగల చక్కెర.

ఆ నిలకడకై ఏర్పడిన సాధనములలో పంపు ఒకటి. 1960వ దశకపు ఆరంభమున అమెరికాలో కాడిష్ అను వైద్యుడు చేసిన తొలి పంపు వీపున మోయవలసినంత పెద్దది. నేటి పంపు జేబులో ఇమిడిపోవును. సన్నని గొట్టము చివరనున్న మెత్తని నాళిక చర్మము క్రిందికి దిగియుండును. దానిగుండ గంటకు ఇన్ని యూనిట్లని నిర్ణయించిన ధార నిరంతరము పోవుచుండును; దీనిని బేసల్ మోతాదు అందురు. భోజనమువేళ మీట నొక్కి అదనముగా పంపునది బోలస్. చక్కెర హెచ్చినప్పుడు దానిని దించుటకు ఇచ్చునది సవరణ మోతాదు.

ఈ మూడింటి అంకెలను యంత్రమున నిలుపువారు మనుష్యులే. ఏ పిల్లకు ఏ వేళ ఎంత కావలెనో పంపునకు పుట్టుకతో తెలియదు.

మన కథలోని పిల్ల పంపులో బేసల్ మోతాదు రేయింబవళ్ళు ఒక్కటే: గంటకు 0.8 యూనిట్టు. మొదట అది 0.7 ఉండెను. ఉదయము లేవగానే చక్కెర 200 దాటుచున్నదని చూచి, రాత్రి మందు చాలుట లేదని తల్లి తలపోసినది. వైద్యునితో చెప్పకుండ తానే 0.8కి పెంచినది. ఉదయపు అంకె దిగలేదు. రాత్రి మూడు గంటలవేళ మాత్రము పిల్లకు చెమటలు పట్టుట మొదలైనది. భయపడి అలారము పెట్టుకొని, లేచి గ్లూకోజు పట్టుచున్నది. తెల్లవారునప్పటికి మరల 200. ఇంకను పెంచవలెనా, తగ్గించవలెనా యని ఆమె సతమతమగుచుండగా మేము వెళ్ళితిమి.

ఆ మరునాడే ఆమె విశాఖపట్టణములోని తమ వైద్యునికి ఫోను చేసి, దాచకుండ ఉన్నది ఉన్నట్లు చెప్పినది. ఆయన కోపగించుకొనలేదు. “మూడు రాత్రులు ఏ అంకెనూ మార్చకండి. పది, పన్నెండు, మూడు, ఆరు గంటలకు పరీక్షచేసి వ్రాసి పంపండి. 70కి దిగితేనే గ్లూకోజు ఇవ్వండి” అన్నాడు. రాత్రి భోజనము ఆరు గంటలకే ముగియవలెననియు, మూడు రాత్రులును ఒకే తీరు తేలిక భోజనము, నూనె వంటకములు లేనిది, పెట్టవలెననియు, తరువాత ఏమియు తినరాదనియు చెప్పినాడు. భోజనమునకిచ్చిన ఇన్సులిన్ పని నాలుగు గంటలలో చాలవరకు ముగియును. అటుపిమ్మట నెత్తుటిలో చక్కెర ఎక్కినను దిగినను దానికి కారణము బేసల్ ధారయే యని నిశ్చయింపవచ్చును. వండిన కూర రుచి తెలియవలెనన్నచో ముందు నోరు పుక్కిలించుకొందుము గదా, ఇదియు అటువంటిదే.

అంకెలు వచ్చినవి. మొదటి రాత్రి పదింటికి 142, పన్నెండింటికి 113, మూడింటికి 71, ఆరింటికి 156. రెండవ రాత్రి మూడింటికి 66, గ్లూకోజు ఇచ్చినారు, ఆరింటికి 208. మూడవ రాత్రియు ఇంచుమించు మొదటి రాత్రివలెనే గడచినది.

ఈ నాలుగు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాయగానే రెండేండ్ల చిక్కుముడి విడిపోయినది. ముందటి జామున మందు ఎక్కువగుచున్నది. అందుచే 142 నుండి 71కి దిగినది. తెల్లవారుజామున మందు చాలుట లేదు. గ్లూకోజు ఇవ్వని రాత్రి సైతము 71 నుండి 156కు ఎక్కినది. తెల్లవారుజామున దేహములో కొన్ని హార్మోనులు హెచ్చి, కాలేయముచేత చక్కెరను విడుదల చేయించును. ఎదుగు వయస్సులోని పిల్లలలో ఇది మరింత బలముగా నుండును. ఇక గ్లూకోజు ఇచ్చిన రాత్రులలో అదియు తోడై 200 దాటించుచున్నది. తల్లి ఉదయపు అంకె నొక్కదానినే చూచి రాత్రి నంతటిని తీర్పు చెప్పినది. ఎక్కువయు, తక్కువయు ఒకే రాత్రిలో ఉండునని ఆమెకు తోచలేదు.

ఈ సంగతి వినిన తండ్రి తన వ్యవసాయపు భాషలో ఒక మాట అన్నాడు. “మా కాలువ సంగతే గదండీ ఇది. తూములో నీళ్ళు తక్కువై కాదు. ఎగువ మడిలో గట్టు తెగుతుంటే శివారు మడి ఎండిపోతుంది. నీళ్ళు పెంచితే ఎగువ ఇంకా మునుగుతుంది. వంతులు సరిచెయ్యాలి.” తాండవ జలాశయముక్రింద అనకాపల్లి, కాకినాడ జిల్లాల భూములు సాగగుచున్నవి. శివారు రైతునకు నీరందక పోవుటకు ప్రతిసారి జలాశయములో నీరు లేకపోవుటయే కారణము కాదని ఆ ప్రాంతపు శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు.

వైద్యుడు చేసినదియు వంతుల దిద్దుబాటే. మొదటి మెట్టుగా రాత్రి పదింటినుండి రెండింటివరకు ధారను 0.8 నుండి 0.7కు తగ్గించినాడు. మూడు రాత్రులు చూచినారు. మూడింటి అంకె 90 ప్రాంతమునకు వచ్చినది. తరువాత 0.6కు తగ్గించి మరి మూడు రాత్రులు. మూడింటి అంకె 105 ప్రాంతమున నిలిచినది. ముందటి జాము చక్కబడిన పిదప గాని తెల్లవారుజాము జోలికి పోలేదు. అప్పుడు మూడింటినుండి ఏడింటివరకు ధారను 0.9కి, మూడు రాత్రుల తరువాత 1.0కి పెంచినారు. నడుమ పిల్లకు జలుబు జ్వరము వచ్చుటచే నాలుగు దినములు పని ఆపినారు. జ్వరములో ఇన్సులిన్ అవసరము మారును గనుక అప్పటి అంకెలు లెక్కకు పనికిరావు. చివరకు పదింటికి 140, మూడింటికి 108, ఆరింటికి 152. ఇవి బంగారు అంకెలు కావు గాని, ఒక పిల్ల క్షేమముగా నిద్రించుటకు చాలిన అంకెలు.

శ్రోతలు ఒక్కసారి కూడిక వేసి చూడుడు. ముందటి నాలుగు గంటలలో గంటకు 0.2 చొప్పున తగ్గినది 0.8 యూనిట్టు. తెల్లవారుజామున నాలుగు గంటలలో పెరిగినదియు 0.8 యూనిట్టే. రాత్రి మొత్తము మందులో ఒక్క బొట్టు హెచ్చలేదు, ఒక్క బొట్టు తగ్గలేదు. మారినది వేళ మాత్రమే.

ఇక పగటి సంగతి. ధార చక్కబడిన తరువాతనే భోజనపు లెక్క చూడవలెను. ధార తప్పుగా నున్నంతకాలము భోజనపు లెక్క ఎన్నటికిని కుదరదు. ఒక యూనిట్టు ఇన్సులిన్ ఎన్ని గ్రాముల పిండిపదార్థమునకు సరిపోవునో తెలిసికొనుటకు వైద్యులు ఒక తొలి అంచనా వేయుదురు: 500ను రోజు మొత్తము ఇన్సులిన్ మోతాదుచే భాగించుట. ఈ పిల్లకు రోజునకు సుమారు 40 యూనిట్లు. కావున యూనిట్టునకు పన్నెండున్నర గ్రాములు. అన్నము నూరు గ్రాములలో పిండిపదార్థము సుమారు 28 గ్రాములుండును. రెండు వందల గ్రాముల అన్నము తిన్నచో 56 గ్రాములు. దానికి నాలుగున్నర యూనిట్లు. ఇది ఆరంభపు అంచనా మాత్రమే. భోజనమైన రెండు మూడు గంటలకు పరీక్షచేసి, కొన్ని దినముల అంకెలు ఒకే త్రోవ చూపినప్పుడు వైద్యుని సలహాతో దిద్దుకొనవలెను.

మొదటి వారము ఆ యింట అన్నమును త్రాసులో తూచినారు. తరువాత ఒక గరిటెను కొలతగా నిర్ణయించుకొన్నారు. మందు అన్నమునకు పది, పదునైదు నిమిషములు ముందుగా ఇచ్చినచో చక్కెర ఎక్కు వేగమును అందుకొనగలదని తెలిసికొన్నారు. ఇంతచేసినను సాయంకాలము ఆరు గంటల అంకె కొన్ని దినములు 150, కొన్ని దినములు 260. మధ్యాహ్నపు అన్నము ఒక్కటే, మందు ఒక్కటే, గరిటె ఒక్కటే. మధ్యాహ్నపు మోతాదును పెంచుదమని తల్లి ఫోను చేయబోవుచుండగా, మంచముమీద కూర్చున్న మామ్మ గొంతు సవరించుకొన్నది.

“బడినుంచి వచ్చేసరికి పిల్ల మొహం వాడిపోయి ఉంటుందే అమ్మా. ఒక్క పల్లీ ఉండ పెడుతున్నాను. బెల్లమే గదా, పంచదార కాదు గదా” అన్నది.

అనకాపల్లి బెల్లము దేశమంతటను పేరుపొందినది. ఆ సీమలో పుట్టిన మామ్మకు బెల్లముపై నమ్మకముండుటలో వింత లేదు. కాని బెల్లములో నూటికి ఎనభై పాళ్ళకు మించి చక్కెరలే. నెత్తుటిలో చేరిన పిమ్మట ఇది పంచదారయా, బెల్లమా, తేనెయా యని దేహము అడుగదు.

ఆ క్షణమున ఆ తల్లి చేసినపని మాకు మిక్కిలి నచ్చినది. ఆమె అత్తగారిపై కేకలు వేయలేదు. ఉండను తెచ్చి త్రాసులో పెట్టినది. ఇరువది గ్రాములు తూగినది. పిండిపదార్థము ఇంచుమించు పన్నెండు గ్రాములుండవచ్చునని అంచనా కట్టినారు. “అయితే ఒక ఉండకి ఒక యూనిట్టు. మీరు పెట్టండి అత్తయ్యా, కాని పెట్టేముందు చెప్పండి. అది మందు నొక్కుకుంటుంది, నేను వ్రాసుకుంటాను” అన్నది. “రెండు పెడితే?” అన్నది మామ్మ. “రెండు పెడితే రెండు యూనిట్లు మామ్మా, కాని నాకు రెండు వద్దు” అన్నది పిల్ల.

అప్పటినుండి ఆ పిల్లయే తన అంకెలను తాను వ్రాసికొనుచున్నది. పుస్తకములో తేదీ, వేళ, చక్కెర, తిన్నది, ఇచ్చిన మందు, ఆటపాటలు, జ్వరము, నెలసరి యని గడులు గీచుకొన్నది. ఇది నేరముల చిట్టా కాదు. తిట్టు తినవలసివచ్చునన్న భయమున్న యింట అబద్ధపు అంకెలు పుట్టును. అబద్ధపు అంకెలనుబట్టి మోతాదు మార్చినచో ప్రాణముమీదికి వచ్చును.

మూడవది సవరణ మోతాదు. ఒక యూనిట్టు చక్కెరను ఎంత దించునో తెలిసికొనుటకు 1800ను రోజు మొత్తముచే భాగించుట తొలి అంచనా. ఈ పిల్లకు 45. అనగా 240 ఉన్నచో రెండు యూనిట్లు దానిని సుమారు 150కి దింపును. అయితే అది వెంటనే దిగదు. త్వరగా పనిచేయు ఇన్సులిన్ సైతము మూడు నాలుగు గంటలు, ఒక్కొక్కప్పుడు ఐదు గంటలు పనిచేయుచుండును. గంటకే పరీక్షచేసి, దిగలేదని మరియొక మోతాదు, మరి గంటకు ఇంకొకటి ఇచ్చువారు కలరు. అన్నము ఉడకలేదని మంటమీద మంట పెంచి, చివరకు అడుగంటించినట్లు, ఆ మోతాదులన్నియు ఒక్కసారిగా పనిచేసి చక్కెరను పడదోయును. దేహములో ఇంకను పనిచేయుచున్న మందు ఎంతయో నేటి పంపులు లెక్కగట్టి చూపును. ఆ లెక్కను చూడకుండ మీట నొక్కరాదు.

చక్కెర పడిపోయినప్పుడు పాటింపవలసినది పదునైదుల లెక్క. పదునైదు గ్రాముల గ్లూకోజు, పదునైదు నిమిషముల ఓపిక, మరల పరీక్ష. భయముచేత చేతికి దొరికినదంతయు తినిపించినచో అంకె కొండ యెక్కి కూర్చుండును. స్పృహ తప్పినవారి నోట మాత్రము ఏమియు పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఏ అంకెనైనను మార్చబోవుటకు ముందు యంత్రము సరిగా నున్నదో లేదో చూడవలెను. చర్మము క్రింది నాళిక మడతపడినదా? గొట్టములో గాలిబుడగ కలదా? రెండు మూడు దినములకొకసారి నాళికను మార్చి, చోటు మార్చుచున్నారా? ఒకే చోట పెట్టుచుండిన అక్కడి కండ గడ్డకట్టి మందు సరిగా ఎక్కదు. మందు ఎండకు చెడినదా? వాడకముననున్నది కాక మిగిలిన సీసాలను 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను గాని గడ్డకట్టనీయరాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. మెట్టప్రాంతపు వేసవిలో కరెంటు పోయినప్పుడు తడి యిసుకలో పెట్టిన మట్టికుండ కొంత ఆదుకొనును. సీసాకు తడి తగులకుండ చూచుకొనవలెను.

మరియొక హెచ్చరిక. పంపులో ఉండునది త్వరగా పనిచేసి త్వరగా పోవు ఇన్సులిన్ మాత్రమే. పంపు ఆగిపోయినను, నాళిక ఊడినను కొలది గంటలలోనే దేహములో ఇన్సులిన్ అడుగంటి, కీటోనులను విషపదార్థములు పెరిగి, వాంతులు, ఆయాసము కలుగవచ్చును. కారణము తెలియకుండ చక్కెర 250 దాటి, సవరణ మోతాదు ఇచ్చినను దిగనిచో, పంపును నమ్ముకొని కూర్చుండరాదు. కీటోనుల పరీక్ష చేయవలెను; సిరంజితో మందు ఇవ్వవలెను; నాళికను మార్చవలెను; వైద్యుని పిలువవలెను. అందుచే పంపు ఉన్నయింట సిరంజియు, ఇన్సులిన్ సీసాయు ఎన్నడును తప్పక ఉండవలెను.

శ్రోతలలో పలువురకు ఒక సందేహము కలుగవచ్చును. లక్షల రూపాయల పంపు ఎందరింట నుండును, ఈ ముచ్చట మాకేల యని. ప్రశ్న న్యాయమైనదే. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే లెక్కప్రకారము మన దేశములో మధుమేహము కలవారు పది కోట్లకు పైబడియున్నారు. వారిలో పంపు వాడువారు మిక్కిలి కొలదిమంది. ఇన్సులిన్ వాడు తక్కినవారిలో పెక్కుమందికి సూదియే ఆధారము. దీర్ఘకాలము పనిచేయు ఇన్సులిన్ వారికి ధార. భోజనమువేళ తీసికొను త్వరిత ఇన్సులిన్ వారికి వెల్లువ. పంపువలె గంట గంటకు మార్చుట వారికి సాధ్యము కాకపోవచ్చును. కాని ఉదయపు అంకె నొక్కదానినే చూచి రాత్రి మోతాదు పెంచరాదను నియమము వారికిని అంతే వర్తించును. ఒకటి రెండు రాత్రులు మూడు గంటలకు లేచి చూచి వ్రాసిన అంకె, వైద్యునికి నూరు మాటలకంటె ఎక్కువ చెప్పును.

భుజమునకు అతికించుకొను సెన్సారులు నేడు వచ్చినవి. అవి కొలది నిమిషముల కొకసారి చక్కెరను చూపును. 2019లో వివిధ దేశముల నిపుణులు కూడి ఒక గురి నిర్ణయించినారు: రోజులో నూటికి 70 పాళ్ళ కాలము, అనగా సుమారు పదునేడు గంటలు, చక్కెర 70కి 180కి నడుమ ఉండవలెను, 70కి దిగువన గంటసేపైనను ఉండరాదు. సెన్సారుతో మాటలాడి ధారను తానే హెచ్చించి తగ్గించుకొను పంపులకు 2016లో అమెరికాలో మొదటిసారి అనుమతి లభించినది. అవి ఎంతో మేలు. అయినను మామ్మ పెట్టిన ఉండను గూర్చి వానికి ఎవరో ఒకరు చెప్పవలసినదే.

కావున మేము మనవిచేయు క్రమమిది. ముందు యంత్రమును, మందును పరీక్షింపుడు. తరువాత రాత్రి ధార, తరువాత పగటి ధార, పిదప భోజనపు లెక్క, చివరకు సవరణ. ఒక్కసారి ఒక్క మార్పు, అదియు కొంచెము, మూడు దినములు ఆగి ఫలితము చూచిన తరువాత ఇంకొకటి. జ్వరము, ప్రయాణము, పెండ్లి విందు ఉన్న దినముల అంకెలను లెక్కలోనికి తీసికొనవలదు. ఆటలు, పొలముపని ఎక్కువైన నాడు ఆ రాత్రి సైతము చక్కెర పడిపోవచ్చునని గుర్తుంచుకొనుడు. మేము చెప్పిన అంకెలు ఒక పిల్లవి మాత్రమే. అవి మీవి కావు. మీ అంకెలు మీ పుస్తకములోనుండి, మీ వైద్యుని యెదుట పుట్టవలెను.

మాఘమాసపు చివర ఏజెన్సీనుండి తిరిగివచ్చుచు మేము మరల ఆ యింట బస చేసితిమి. అలవాటు తప్పినచోటు కాబోలు, మూడు గంటలకు మాకే మెలకువ వచ్చినది. ఇల్లు నిశ్శబ్దముగా నున్నది. మంచముప్రక్క బల్లపై పుస్తకము, మీటరు, గ్లూకోజు పొట్లము, సిరంజి పెట్టియున్నవి. వారమున కొక రాత్రి, ఆదివారము మాత్రము, మూడింటికి లేచి చూచుచున్నారట. ఆనాడు బుధవారము. తల్లి నిద్రపోవుచున్నది.